మూడో సాకెట్

జూన్ 4, మంగళవారం

కోడిగుడ్లు పొదిగించే హేచరీ ఆవిడ ఈ రోజు మా పెట్టెను సంచిలో వేసుకుని స్వయంగా వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. పెట్టెను నా టేబుల్ మీద పెట్టి, "మూడు వేల రెండొందల గుడ్లు. ఇంకో రెండ్రోజులైతే పిల్లలయ్యేవి. ఉడికిపోయాయి. మీ పెట్టె కిక్కురుమనలేదు" అంది. అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆవిడ అరవలేదు.

ఇన్‌క్యుబేటర్‌లో వేడి పెరగ్గానే ఫోనుకు కబురు పంపడమే మా పెట్టె పని. ఉన్నది ఆ ఒక్క పనే. నెల రోజుల్లో ఇలా మూగబోయిన పెట్టెల్లో ఇది మూడోది.

కంపెనీ నడిపే సారు మూడు పెట్టెలూ విప్పించి వరసగా పెట్టించారు. మూడింటికీ మూడో సాకెట్ ఉంది. బోర్డులు ఫ్యాక్టరీ నుంచి రెండు సాకెట్లతో వస్తాయి, వేడి చూసే రెండు సెన్సర్ల కోసం. తేమ కూడా చూడాలన్నవాళ్లకు మూడో సాకెట్ బావ చేత్తో సోల్డర్ చేసి పెడతాడు. రెండు సాకెట్ల పెట్టెలు ఇంతవరకు ఒక్కటీ ఆగలేదు. సారు తల తిప్పి బావ టేబుల్ వైపు చూశారంతే.

నేను ఊరుకుని ఉండాల్సింది. "సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది సర్, నా టేబుల్ మీద నలభై రోజుల నుంచి ఆగకుండా నడుస్తోంది" అన్నాను. అబద్ధం కాదు. నిజానికి నలభై ఒక్క రోజులు.

రాసుకుంటే మనసు తేలికవుతుందని అక్క అంటుంది. అందుకే ఈ పుస్తకం తీశాను. ఇప్పటికైతే తేలికేం కాలేదు.

జూన్ 5, బుధవారం

బావ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంటికి భూతద్దం పెట్టుకుని మూడు బోర్డుల మీద ఒక్కో అతుకూ చూశాడు. ఏమీ దొరకలేదు. అయినా అన్నీ ఊడదీసి మళ్లీ సోల్డర్ చేశాడు.

మా అక్క మొగుడని చెప్పడం కాదు గానీ, ఇరవై రెండేళ్లుగా ఆ పని చేస్తున్న చెయ్యి అది. బావ పెట్టిన అతుకు అద్దంలా మెరుస్తుంది. నేనుండేది వాళ్లింట్లోనే, నాకీ ఉద్యోగం వచ్చిందీ బావ మాట మీదే. "మా మరదలు నోరు దురుసు సర్, కానీ పని రాక్షసి" అని సిఫార్సు చేశాడట. నోటి సంగతి ముందే చెప్పడం ఎందుకో!

"ఏం మరదలా, నీ సర్వర్‌కి నా చెయ్యి నచ్చనట్టుంది. కాస్త నచ్చజెప్పరాదూ?" అన్నాడు టీ దగ్గర.

"సర్వర్‌కి అందరూ ఒకటే బావా. నీ సోల్డరే మొహమాటపడుతోంది" అన్నాను.

నవ్వాడు. నేనూ నవ్వాను. సర్వర్ తప్పయ్యే అవకాశమే లేదు. సెన్సర్ల సందేశాలు అందుకునే ఆ సర్వర్ ప్రపంచమంతా ఉచితంగా వాడుకుంటున్న ప్రోగ్రాం, వేలమంది కళ్లు పడ్డ కోడ్. పెద్ద కంప్యూటర్ల కోసం రాసినదాన్ని ఈ అరచేతి బోర్డు మీదికి దించడం ఒక్కటే నేను చేసిన పని.

జూన్ 7, శుక్రవారం

ఇంకోటి మూగబోయింది. బావ మళ్లీ సోల్డర్ చేసినవాటిలోదే.

జూన్ 10, సోమవారం

"నీ టేబుల్ మీద పెట్టెకి ఎన్ని సెన్సర్లున్నాయి?" అని అడిగాడు బావ.

రెండు. ఇన్ని రోజులూ రెండే. మూడోది తగిలించి చూడాలని నాకు తట్టనే లేదు.

బావ తను సోల్డర్ చేసిన బోర్డు తెచ్చి ఇచ్చాడు. ఒక గంట చక్కగా నడిచింది. "గదిలో చల్లగా కూర్చోబెడితే ఎందుకాగుతుంది? కాస్త వేడి తగలనీ" అని ఇంటికి వెళ్లి అక్క హెయిర్ డ్రయ్యర్ పట్టుకొచ్చాడు. సెన్సర్ మీద వేడి గాలి కొట్టిన అరనిమిషానికి పెట్టె మూగబోయింది. బావ ముఖం చూడాలి. పాపం, తన బోర్డే చెడిపోయిందని ఒప్పుకోవడానికి తనే ఆధారం తెచ్చి ఇచ్చాడు.

సర్వర్ ఎక్కడ ఆగిందో చూశాను. ఏదో సందేశం కోసం ఎదురుచూస్తోంది. ఆ సందేశం పొడవు వందల మెగాబైట్లట. మా సందేశాలు వంద బైట్లు కూడా ఉండవు. ఆరుసార్లు డ్రయ్యర్ పెట్టాను. ఆరుసార్లూ అదే అంకె.

సోల్డర్ తప్పు రోజుకో రకంగా ఉంటుంది, ప్రతిసారీ ఒకే అంకె రాదు. కానీ కేబుల్ కూడా కావచ్చు. సెన్సర్ కూడా కావచ్చు. రేపు చూడాలి.

జూన్ 11, మంగళవారం

కేబుల్ కాదు.

నాకోసం నేనే ఒకసారి వరసగా రాసుకోవాలి. లేకపోతే ఇప్పుడే సర్దిచెప్పుకోవడం మొదలుపెడతానని భయంగా ఉంది.

సర్వర్‌ను ఆ బోర్డు మీదే కంపైల్ చేసేంత, అంటే కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చేంత శక్తి బోర్డుకు లేదు. నా పీసీ మీద కంపైల్ చేసి, తయారైనదాన్ని బోర్డులోకి ఎక్కిస్తాం. అలా చేసే ముందు ఒక స్క్రిప్టు, ప్రోగ్రాం నడవబోయే యంత్రం ఎలాంటిదో చిన్న చిన్న పరీక్షలు నడిపి తెలుసుకుంటుంది. యంత్రం వేరైతే ఆ పరీక్షలు నా పీసీ మీద నడపడం కుదరదు. అప్పుడు ఆగి మనల్నే అడుగుతుంది, జవాబు మీరే చెప్పండి అని. జవాబుల ఫైలు నాది. ప్రపంచంలో ఎవరూ చూడని, ఎవరి కళ్లూ పడని ఫైలు.

పోయిన అక్టోబరులో ఆరు ప్రశ్నలు వచ్చాయి. ఐదింటికి బోర్డు మీద నడిపి చూసి జవాబు రాశాను. ఆరోది: ఈ ప్రాసెసర్ నాలుగు బైట్ల అంకెను మెమరీలో ఏ చోటు నుంచైనా చదవగలదా? ఆ మధ్యాహ్నం బోర్డు బావ టేబుల్ మీద ఉంది, డబ్బాకు బిగిస్తున్నాడు. నా కుర్చీ నుంచి పన్నెండు అడుగులు, ఈ రోజు నడిచి లెక్కపెట్టాను. లేవడానికి బద్ధకించి, నా పీసీ చదవగలదు కదా అని 'అవును' అని రాశాను. పక్కనే 'తర్వాత బోర్డు మీద చూడాలి' అని కూడా నేనే రాసుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు.

ఈ ప్రాసెసర్ పాతరకం. నాలుగుతో భాగించబడే చోటైతే సరిగ్గా చదువుతుంది. కాకపోతే ఏడవదు, కూలిపోదు. బైట్లను తిప్పేసి వేరే అంకె మన చేతిలో పెడుతుంది. రెండు సెన్సర్ల సందేశం పొడవు నాలుగుతో సరిగ్గా భాగించబడుతుంది. మూడోది చేరితే తప్పుతుంది. అప్పుడు కూడా సందేశాలు విడివిడిగా వస్తే పర్వాలేదు. రెండు అంటుకుని వస్తేనే రెండోదాని పొడవు తప్పుగా చదివి, ఎప్పటికీ రాని దానికోసం నోరు తెరుచుకుని కూర్చుంటుంది. మామూలప్పుడు నిమిషానికొక సందేశం. అంటుకుని వచ్చేది వేడి పెరిగి గబగబా పంపినప్పుడే.

అంటే ఏ గొడవా లేని రోజుల్లో చక్కగా మాట్లాడి, గుడ్లు ఉడికే వేళ సరిగ్గా నోరు మూసుకునే పెట్టెను తయారుచేశాను. మూడో సాకెట్ పాపం ఏమీ చేయలేదు. ఆడలేక మద్దెల ఓడన్నది నేను, అదీ బావ మద్దెలను.

రేపు పొద్దున్నే చెప్పేస్తాను.

జూన్ 12, బుధవారం

చెప్పలేదు.

నేను వెళ్లేసరికే సారు అందర్నీ కూర్చోబెట్టారు. మూడో సాకెట్ పని బయటి షాపుకిస్తున్నామన్నారు. నేను నోరు తెరిచాను. అంతలో బావ లేచి నిలబడ్డాడు.

"నా చెయ్యే అయ్యుంటుంది సర్. ఎంత వెతికినా తప్పు కనపడటం లేదంటే కళ్లు కూడా ఆనడం లేదేమో. పాపం ఆవిడ గుడ్లన్నీ నా మూలంగా పోయాయి."

సారు, "అబ్బే, అలా ఎందుకనుకుంటారు, వయసు ఎవరికి రాదు" అన్నారు. ఆ మాట కన్నా తిట్టినా బాగుండేది. బావకు నలభై తొమ్మిది.

తెరిచిన నోటితో టీ తాగాను.

జూన్ 13, గురువారం

ఆరో జవాబు మార్చాను. 'అవును' తీసి 'కాదు' పెట్టి మళ్లీ కంపైల్ చేశాను. డ్రయ్యర్‌తో గంటసేపు కాల్చినా పెట్టె ఆగలేదు. నెట్ ద్వారా అన్ని పెట్టెలకూ కొత్తది పంపించాను. మార్పుల జాబితాలో 'చిన్న చిన్న మెరుగుదలలు' అని రాశాను.

ఇక ఎవరి గుడ్లూ పోవు. అసలు కావలసింది అదే కదా! తప్పు ఎవరిదన్నది పెద్ద విషయమా? బావను ఎవరూ ఒక్క మాట అనలేదు. తనంతట తనే అనుకున్నాడు. నేను బావ తప్పని ఎక్కడా చెప్పలేదు, సాఫ్ట్‌వేర్ బాగుందన్నానంతే. నాలుగు రోజులు పోతే అందరూ మరిచిపోతారు, బావ పని బావకొస్తుంది.

పై పేరా మళ్లీ చదివాను. ఎంత బాగా రాశానో!

జూన్ 17, సోమవారం

బయటి షాపువాళ్లు సోల్డర్ చేసిన పెట్టెలు శుక్రవారమే బిగించారు. ఒక్కటీ ఆగలేదు. సారు అందరి ముందూ, "చూశారుగా, సమస్య ఎక్కడుందో తేలిపోయింది" అన్నారు.

ఇది నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు. నేను గుట్టుగా చేసిన రిపేరే బావ మీద సాక్ష్యం చెప్పింది. నేనసలు ఏమీ చేయకుండా ఉంటే ఆ కొత్త పెట్టెలూ మూగబోయేవి, బావ చెయ్యి కాదని అప్పుడే తేలిపోయేది.

బావ తలూపాడు. "అవును సర్, తేలిపోయింది" అన్నాడు. ఈ రోజు నుంచి ప్యాకింగ్ టేబుల్ దగ్గర, డబ్బాలకు స్టిక్కర్లు అంటిస్తున్నాడు.

జూన్ 18, మంగళవారం

బావ కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నాడు. అక్కకు సెలవు దొరకలేదు. నా స్కూటరు మీద నేనే తీసుకెళ్లాను.

బెంచీ మీద కూర్చుని, గోడకున్న అక్షరాల పట్టికలో అట్టడుగు వరస గడగడా చదివేశాడు. "బట్టీ పట్టానులే మరదలా, లేకపోతే కనపడుతుందా నాకు" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. ఎప్పుడూ నవ్వేదాన్ని కదా.

పావుగంట తర్వాత డాక్టరు బయటికొచ్చి, "ఈ వయసుకి ఇంత మంచి చూపు అరుదు" అని చెప్పింది. నాకెంత తెరిపి కలిగిందో! ఇక నమ్ముతాడనుకున్నాను. స్కూటరు ఎక్కుతూ అన్నాడు, "కళ్లు బాగున్నాయంటే, మరి చెయ్యే అన్నమాట."

దారి పొడుగునా ట్రాఫిక్ మోత. చెప్పినా వినిపించేది కాదు. అలా అని ఆపి చెప్పకూడదని ఎవరూ అనలేదు.

జూన్ 20, గురువారం

అక్క గిన్నెలు తుడుస్తూ అడిగింది. "మీ బావ రోజూ పొద్దున్నే గ్లాసు నిండా నీళ్లు పోసుకుని, చెయ్యి చాపి పట్టుకుని నిలబడుతున్నారే. చెయ్యి వణుకుతోందేమో చూసుకుంటున్నారట. ఆఫీసులో ఏమైనా జరిగిందా? నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు" అన్నాను.

చిన్నప్పుడు అక్క గాజు పగలగొట్టినప్పుడు కూడా ఇదే మాట, ఇదే గొంతుతో అన్నాను. అప్పుడు అక్కకు ఇట్టే తెలిసిపోయింది. ఇప్పుడు తెలియలేదు. అంత నమ్మకం కుదిరింది నా మీద.

జూన్ 21, శుక్రవారం

"పదమూడున ఏదో అప్‌డేట్ పంపినట్టున్నావు, అందులో..." అని సారు మొదలుపెట్టగానే "ఏం లేదు సర్, చిన్న చిన్నవి" అన్నాను. ఆయన అడగబోయింది అందులో ఫోను నంబరు మార్చే వీలుందా అని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

జూన్ 24, సోమవారం

ఇస్త్రీ పెట్టె వైరు తెగింది. ఈ ఇంట్లో తెగిన వైరు ఏదైనా బావ చేతిలో పది నిమిషాలు. ఫ్యాను, రేడియో, అక్క కుట్టుమిషను, పక్కింటివాళ్ల గంట, అన్నీ.

"వీధి చివర షాపులో ఇచ్చిరా" అన్నాడు అక్కతో.

అక్క నవ్వింది, హాస్యమాడుతున్నాడనుకుని. బావ నవ్వలేదు. "నేను చేస్తే నీకు షాక్ కొడితే?" అన్నాడు. లేచి వరండాలోకి వెళ్లాడు. అక్క ఇస్త్రీ పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత నా వైపు చూసింది. నేను కంచం వైపు చూశాను.

ఒక మనిషి చేతుల్ని అతని దగ్గర్నుంచి దొంగిలించాను. ఇంకో మాట లేదు దీనికి.

జూన్ 25, మంగళవారం

ముందు పరాయివాళ్లకు చెప్పడం సులువనుకుని హేచరీ ఆవిడకు ఫోన్ చేశాను. తప్పు నాదని, రెండు వారాల నుంచి తెలుసని చెప్పాను.

"మరి మీ సోల్డరింగ్ ఆయన పోయిన ఆదివారం మా ఇంటికొచ్చి క్షమించమన్నారే" అంది ఆవిడ. "గుమ్మంలో నిలబడ్డారు, లోపలికి రమ్మన్నా రాలేదు. నేను కూడా నాలుగు మాటలన్నాను. తలొంచుకుని అన్నీ పడ్డారమ్మా ఆయన."

నాకు ఆ సంగతే తెలియదు. బావ చెప్పలేదు.

"గుడ్ల గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆయనకు చెప్పు. నాకు కాదు" అని పెట్టేసింది.

బావ ప్యాకింగ్ టేబుల్ దగ్గర స్టిక్కర్లు అంటిస్తున్నాడు. ఒక్కోటి స్కేలు పెట్టి కొలిచి మరీ అంటిస్తాడు. నేను ఎదురుగా నిలబడి చెప్పాను. ఆరో ప్రశ్న, పన్నెండు అడుగులు, పదమూడో తారీకు అప్‌డేట్, అన్నీ. మధ్యలో రెండుసార్లు ఏడుపొచ్చింది. ఏడిస్తే బావ నన్ను ఊరడిస్తాడని తెలుసు, అందుకే ఏడవలేదు.

బావ స్టిక్కరు కింద పెట్టాడు. రెండు చేతులూ టేబుల్ మీద పరిచాడు.

"అయితే ఇవి బాగానే ఉన్నాయా?"

"బాగున్నాయి బావా. ఎప్పుడూ బాగానే ఉన్నాయి."

"సోల్డర్?"

"ఒక్క అతుకు కూడా తప్పు లేదు."

ఎంత సంతోషం ఆ ముఖంలో! పరీక్ష పాసైన పిల్లాడిలా నవ్వాడు. చేతులు వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు. నా మీద కోపం రావాలన్న సంగతే ఇంకా గుర్తు రాలేదు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పదకొండున."

లోలోపల లెక్క వేసుకున్నాడు. పెదవులు కదిలాయి.

"కళ్ల డాక్టరు దగ్గరికెళ్లింది పద్దెనిమిదిన కదా. నువ్వే కదా తీసుకెళ్లావు."

"అవును."

"పక్కనే కూర్చున్నావు."

"అవును బావా."

స్కేలు తీసుకుని తర్వాతి డబ్బా కొలిచాడు.

సారు గదిలో గొడవ వేరు. అరిచారు, అరవాలి కూడా. రాజీనామా ఇస్తానన్నాను. "పారిపోతావా? ముందు ఆ ఫైల్లో ఇంకేం జవాబులు ఊహించి రాశావో అన్నీ బోర్డు మీద పెట్టి చూపించు. ఆ తర్వాత ప్రతి కస్టమరుకూ నీ పేరుతో ఉత్తరం రాయి" అన్నారు. సాయంత్రం అందర్నీ పిలిచి బావకు క్షమాపణ చెప్పారు. బావ, "పోనీలెండి సర్" అన్నాడు.

జూన్ 26, బుధవారం

అక్క నాకు వడ్డించింది. కూర్చుంది. "ఆయన అక్కడ గ్లాసు పట్టుకుని నిలబడుతుంటే, నువ్విక్కడ కూర్చుని తిన్నావే" అంది. అంతే. కోపంగా కూడా అనలేదు. ఎలా తినగలిగావని నిజంగానే అడిగినట్టుంది.

జూన్ 29, శనివారం

ఉత్తరాలు ముప్ఫై నాలుగు అయ్యాయి. ఐదు జవాబులూ బోర్డు మీద మళ్లీ నడిపాను. ఐదూ సరైనవే. ఎవరికీ పెద్దగా పట్టలేదు, నాకూ పట్టలేదు.

బావ నాతో మాట్లాడుతున్నాడు. టీ ఇమ్మంటాడు, తలుపు వెయ్యమంటాడు. మరదలా అని మాత్రం పిలవడం లేదు.

జూలై 2, మంగళవారం

మూడో సాకెట్ పని బావకు తిరిగొచ్చింది. పొద్దున పాత టేబుల్ దగ్గర కూర్చున్నాడు. పదకొండు బోర్డులు.

మొదటి అతుక్కే అరగంట పట్టింది. సోల్డర్ కరిగించి, చెయ్యి కిందికి దించబోయి, ఆపి, మళ్లీ పైకి తీశాడు. అలా ఎన్నిసార్లో. చివరికి పెట్టాడు. అద్దంలా మెరిసింది. అది ఎవరైనా చూసి చెప్పగలరు.

బావ చెప్పలేకపోయాడు. ఇరవై రెండేళ్లలో ఎవర్నీ అడగని మనిషి, "ఒకసారి చూడమ్మా, బాగుందా?" అని నన్ను పిలిచాడు.

పన్నెండు అడుగులూ పరుగెత్తుకెళ్లాను. భూతద్దం పెట్టుకుని చూసి, "బాగుంది బావా, చాలా బాగుంది" అన్నాను.

బావ నా ముఖం వంక చూశాడు. ఏదో వెతికినట్టు చూశాడు. "నిజంగానా?" అన్నాడు.

"నిజంగా బావా. ఒట్టు."

"సరేలే" అన్నాడు.

బోర్డును పక్కన పెట్టాడు, మిగతావాటితో కలపలేదు. రెండోది చేసినప్పుడు నన్ను పిలవలేదు. అన్నీ అయ్యాక, మధ్యాహ్నం పాత డబ్బాలు తిరిగివ్వడానికి బయటి షాపు మనిషి వస్తే, అతన్ని కూర్చోబెట్టి పదకొండు బోర్డులూ ముందు పరిచాడు. బావను అతను ఎరగడు. ఒక్కోటి తిప్పి చూసి, "మేం కూడా ఇంత బాగా చెయ్యలేమండీ" అన్నాడు.

అప్పుడు నమ్మాడు బావ.